మూడో కప్పులో చెబుతా

మెర్షా లాప్‌టాప్ తెరుచుకునేలోపు ఒక మనిషి తన బాధంతా చెప్పుకోవచ్చు. చాలామంది చెప్పుకునేవాళ్ళు కూడా. దెస్సీ ఊళ్ళో కోర్టు ప్రహరీని ఆనుకుని, రేకు నీడ కింద అతని బల్ల. దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎదురుగా పీట మీద కూర్చునేవాళ్ళు. నల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. గట్టు తగాదా, పారిపోయిన అల్లుడు, పొరుగువాడి గాడిద మేసిన జొన్నచేను, అన్నీ చెప్పుకుని వాళ్ళు అలిసిపోయేసరికి చక్రం ఆగేది. అప్పుడు మెర్షా కళ్ళజోడు సర్దుకుని "సరే, ఇక చెప్పండి" అనేవాడు.

పక్క బల్ల తస్సెవ్‌ది. అతనూ దరఖాస్తులే రాస్తాడు గాని, చేతికంటే నోటికి పని ఎక్కువ.

"ఏం మెర్షా, పెద్ద ఉపవాసం ముగిసి, ఈస్టరు పండగ చేసుకుని నెల కావస్తోంది. నీ మిషను ఇంకా ఉపవాసం విడవలేదా?"

"దానికి భక్తి ఎక్కువ."

"భక్తి కాదయ్యా, ముసలితనం. నిన్న నీ దగ్గర కూర్చున్న పెద్దావిడ లేచి నా దగ్గరికొచ్చి ఏమందో తెలుసా? 'నాయనా, ఆయన మిషను లేచేలోపు నా మీద కేసు పెట్టినవాడు పోయేట్టున్నాడు, నువ్వైనా రాసిపెట్టు' అంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మెర్షా కూడా నవ్వాడు. ఆలస్యం అతన్ని ఎప్పుడూ బాధించలేదు. అతన్ని బాధించింది శబ్దం. నెల రోజులుగా లాప్‌టాప్‌కి ఎడమపక్కన, సరిగ్గా అరచెయ్యి ఆనే చోట, టిక్ మని ఒక చప్పుడు. ఎండిన గింజ ఖాళీ డబ్బాలో దొర్లినట్టు. ఒకసారి వినిపించి ఆగిపోయేది. మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని అతను చెయ్యి అక్కడే ఉంచి కూర్చునేవాడు. నాడి చూస్తున్నవాడిలా ఉన్నానని ఒకరోజు తనకే అనిపించి చెయ్యి తీసేశాడు.

ఆ చప్పుడు చేసే డిస్కులో తెవాబెచ్ గొంతు ఉంది.

తెవాబెచ్ అతని భార్య. పోయి ఐదేళ్ళు. పోవడానికి రెండేళ్ళ ముందే ఆమె మాట పోయింది. గొంతులో పుండు లేచింది, స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు అడిస్ అబాబా డాక్టర్లు. ఆ ప్రయాణానికి వారం ముందు, హిదార్ నెల పన్నెండున, మైకేల్ దేవదూత పండగనాడు, ఆమె అతన్ని గుడికి పంపేసి ఒక్కతే కాఫీ కాచుకుంది. ఎప్పట్లాగే గింజలు వేయించి, దంచి, మూడు వాయిలు. అతని కాగితాలు చాలా ఏళ్ళుగా ఆమే టైపు చేసేది, మిషను ఆమెకు కొత్త కాదు. వాయికొకటి చొప్పున మూడుసార్లు మాట్లాడి ఆ లాప్‌టాప్‌లో దాచింది. మొదటి వాయి అబొల్, రెండోది తొనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన. మూడో కప్పు తాగకుండా లేచిపోయినవాడు దీవెనను కాలదన్నుకున్నవాడని ఊళ్ళో అంటారు. మూడు ఫైళ్ళకూ ఆ పేర్లే పెట్టింది.

మొదటిదాంట్లో మిరప్పొడికి ఏవేవి ఎంతెంత కలపాలో చెప్పింది. పక్కింటి వాళ్ళ జల్లెడ మన దగ్గరే ఉండిపోయింది, ఇచ్చెయ్యమంది. రెండోదాంట్లో అతని బూట్ల గురించి తిట్టింది. పెళ్ళిచూపులకు అవే బూట్లు వేసుకొచ్చాడని, అప్పుడే లేచి వెళ్ళిపోవాల్సిందని, నవ్వి, దగ్గింది. దగ్గు ఆగాక చాలాసేపు ఏమీ లేదు. కప్పు పళ్ళెంలో పెట్టిన చప్పుడు. తరవాత, "మిగతాది మూడో కప్పులో చెబుతా" అంది.

మూడోది అతను వినలేదు.

మొదట్లో, ఆసుపత్రి నుంచి వచ్చాక విందామనుకున్నాడు. వచ్చాక ఆమె ఎదురుగా ఉండగా ఆమె గొంతు వినడం సిగ్గనిపించింది. ఒకరోజు ఆమె పలక మీద రాసి చూపించింది: మూడోది విన్నావా? విన్నానని తలూపాడు. ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏదో జవాబు రావాలన్నట్టు. అతను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, పొంగని పాలను పొంగుతున్నాయన్నట్టు కలిపాడు. తిరిగొచ్చేసరికి ఆమె పలక తుడిచేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆపరేషనుకు ముందు ఏడాది పాటు ఆమె గొంతు బొంగురు పోతుంటే "చలికి అలాగే ఉంటుంది, అల్లం తాగు" అని చెబుతూ వచ్చినవాడు అతనే. మూడో కప్పులో ఆ సంగతే ఉంటుందని అతనికి తెలుసు. తిట్టిందో, క్షమించిందో తెలియదు. తిడితే భరించగలననుకునేవాడు. క్షమించి ఉంటేనే భయం. ఆమె పోయాక ఇంకో కారణం కూడా తోడైంది. వినని మాట ఒకటి మిగిలి ఉన్నంతకాలం, తెవాబెచ్ తనతో ఇంకా మాట్లాడాల్సి ఉంది. వినేస్తే ఆ సంభాషణ పూర్తయిపోతుంది.

అందుకని ప్రతి నెలా పన్నెండో తేదీన తలుపు గడియ పెట్టుకుని అబొల్ వినేవాడు, తొనా వినేవాడు, బెరెకా పేరు వైపు కాసేపు చూసి మూసేసేవాడు. ఎవరింటికి కాఫీకి వెళ్ళినా రెండో కప్పుతో లేచేవాడు. పోయిన నెల పన్నెండున తొనా మధ్యలో, బూట్ల దగ్గర, గొంతు ఇరుక్కుపోయింది. టిక్. ఆ తరవాత మూడింటినీ ఫ్లాష్ డ్రైవులోకి ఎక్కించబోతే రెండు ఎక్కాయి, మూడోదాని దగ్గర గీత కదలకుండా నిలబడిపోయింది. చివరికి ఎక్కిన రెండింటినీ కూడా చెరిపేశాడు. ఆ రెండూ మూడోది లేకుండా వేరేచోట ఉండటం అతనికి నచ్చలేదు. అది ఎంత తెలివితక్కువ పనో చేస్తున్నప్పుడే తెలుసు.

గిన్‌బోత్ నెల మూడో తేదీన లాప్‌టాప్‌ను గుడ్డలో చుట్టుకుని పియాసా బజారులో కిరుబెల్ షాపుకి వెళ్ళాడు.

కిరుబెల్‌కి ముప్పై ఉంటాయి. కోర్టు దగ్గరి వాళ్ళందరి మిషన్లూ అతని చేతిమీదే నడుస్తాయి. తనకంటే పెద్దవాళ్ళను మర్యాదగా గాషే అని పిలుస్తాడు. అడుగున మరలు విప్పి చూసి నాలుక చప్పరించాడు.

"గాషే, మనిషి మంచివాడే, గుండె పోయింది. డిస్కు అరిగిపోయింది. ఎస్ఎస్‌డీ వేస్తాను. దాంట్లో తిరిగేది, అరిగేది ఏమీ ఉండదు. మీరు తుమ్మేలోపు తెరుచుకుంటుంది."

"ఉన్నవన్నీ అందులోకి వస్తాయా?"

"అదే చెప్పబోతున్నా. కొత్తదాంట్లో చోటు తక్కువ. మీ దాంట్లో చూస్తే ఊరి భూముల కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నారు, కొట్టంలో గడ్డిలాగా. అన్నీ పట్టవు. ఏ ఏడాది నుంచి కావాలో చెప్పండి, అక్కణ్ణించి ఎక్కిస్తా."

ఇలాంటి ప్రశ్నే వస్తుందని తస్సెవ్ ముందే చెప్పి ఉన్నాడు. అందుకని ముందురోజు సాయంత్రమే మెర్షా వేళ్ళ మీద లెక్క కట్టుకుని వచ్చాడు. తెవాబెచ్ మాట్లాడింది మన దేశపు లెక్కలో 2010 హిదార్‌లో. కంప్యూటరుకు తెలిసింది పరంగి క్యాలెండరు, అది మనకంటే ఏడెనిమిదేళ్ళు ముందు నడుస్తుంది. దాని లెక్కలో అది 2017 నవంబరు.

ఇంతకన్నా తేలిక దారి ఒకటుంది. 'పాత దరఖాస్తులు' అనే ఫోల్డరు జాగ్రత్త నాయనా అంటే చాలు. ఎవరూ తెరవకూడదని ఆ పేరు పెట్టింది అతనే. కాని చెబితే కిరుబెల్ దాన్ని తెరుస్తాడు. పాడైందో లేదో చూద్దామని ఒకటి మోగిస్తాడు. మూడోదే మోగిస్తాడేమో. ఫోన్ల అద్దాలు మార్పించుకోవడానికి నిలబడ్డ ఈ జనం మధ్య, తనకంటే ముందు ఆ కప్పు వీళ్ళు తాగేస్తారు.

"2017 నుంచి" అన్నాడు మెర్షా.

కిరుబెల్ తలెత్తి చూశాడు. "2017 నుంచేనా? అంతకుముందువి ఏవీ వద్దా?"

"వద్దు."

"ఫొటోలు, పాటలు, ఇంటి సంగతులు ఏమన్నా..."

"లేవు నాయనా. కాగితాలే."

"సరే గాషే. మా పద్ధతి తెలుసుగా, కొత్తది వేసుకున్నవాళ్ళు పాతది ఇక్కడే వదిలేస్తారు."

తెలుసు. అందరూ అలాగే చేస్తారు. మెర్షా తలూపాడు. తెవాబెచ్ పలక ముందు ఊపినట్టే ఊపానని అప్పుడు తోచలేదు.

మర్నాడు లాప్‌టాప్ నిజంగానే తుమ్మేలోపు తెరుచుకుంది. బల్ల దగ్గర పెద్ద వేడుకైపోయింది. తస్సెవ్ తన బల్ల వదిలి వచ్చి రెండుసార్లు మూయించి తెరిపించాడు. "అరే, దీనికి పెళ్ళి చెయ్యొచ్చు!" అన్నాడు. కాని దరఖాస్తులు రాయించుకునేవాళ్ళు ఇబ్బంది పడ్డారు. పీట మీద కూర్చోగానే మెర్షా వేళ్ళు మీటల మీద సిద్ధంగా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళకు తెలిసేది కాదు. ఒకామె "ఒక్క నిమిషం ఉండండి, ఏడుపు ఆగాక చెబుతా" అంది. ఇదివరకు ఆ ఏడుపు చక్రం తిరిగేటప్పుడే అయిపోయేది.

అతను ఫోల్డరు వెతకలేదు. పన్నెండో తేదీ రాకుండా దాని జోలికి వెళ్ళే అలవాటు లేదు. చెయ్యి ఆనే చోట ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, వెచ్చదనం కూడా లేదు. భద్రంగా ఉందన్నమాట అనుకున్నాడు. ఎనిమిది రోజులు అలా అనుకోగలిగాడు.

పన్నెండున గడియ పెట్టుకుని తెరిచాడు. 'పాత దరఖాస్తులు' లేదు. పేరు టైపు చేసి వెతికాడు. అక్షరం తప్పు పడిందేమోనని మళ్ళీ టైపు చేశాడు. మిషను ప్రతిసారీ తడుముకోకుండా, అప్పటికప్పుడే, లేదు అని చెప్పింది. పాత మిషనైతే ఈ మాట చెప్పడానికి కాసేపు పట్టేది, ఆ కాసేపూ ఆశ ఉండేది. పోయిన మెస్కెరెమ్‌కు ముందు రాసిన కాగితం ఒక్కటీ అందులో లేదు. మెస్కెరెమ్ అంటే కొత్త సంవత్సరం మొదటి నెల. అప్పుడు అతనికి అర్థమైంది. అర్థమైన తరవాత కూడా మిగతా ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతున్న కిరుబెల్ దగ్గర నిలబడ్డాడు.

"2017 నుంచి అన్నాను కదా."

"అవును గాషే. మెస్కెరెమ్ ఒకటి నుంచి ఒక్కటీ వదల్లేదు. ఏం, ఏదన్నా తగ్గిందా?"

"నేను చెప్పింది పరంగి 2017."

కిరుబెల్ షట్టరు సగంలో పట్టుకుని ఆగిపోయాడు. "ఇప్పుడు మన 2017 కదా నడుస్తోంది. ఈ ఏటి పని చాలంటున్నారనుకున్నా. మిషను తేదీలు పరంగివి కాబట్టి నేనే లెక్క మార్చుకుని ఎక్కించా." గొంతు తగ్గించాడు. "మీరు కోర్టు కాగితం మీద పరంగి తేదీ ఎప్పుడైనా వేశారా గాషే? నేను పుట్టి బుద్ధెరిగాక వినని ఆ లెక్క మీ నోటెంట వస్తుందని నేనెలా అనుకుంటాను?"

"నీకు తేలికవుతుందని మార్చి చెప్పాను."

"మీకు శ్రమ ఎందుకని నేను మార్చుకున్నా."

ఎదురుగా కాఫీ అమ్మే ఆమె నిప్పుల మీద ఊదుతోంది.

"పాత డిస్కు ఇవ్వు."

"వెళ్ళిపోయింది గాషే. కెమెరాల రికార్డరులోకి. కెమెరాలకి అలాంటివి చాలు. సోమవారం సంతలో ముంతహా పప్పుధాన్యాల కొట్టు ఉంది చూడండి, అక్కడ. వారమైంది."

"అందులోంచి వెనక్కి తియ్యడం కుదరదా? చెరిపేసినవి కూడా తీస్తారంటారు కదా."

కిరుబెల్ మొహం నిజంగానే వాడిపోయింది. "మామూలుగా చెరిపితే తియ్యొచ్చు. మీవి కోర్టు కాగితాలు, జనం రహస్యాలు. ఎవడి చేతిలో పడతాయోనని మీది మాత్రం మొదటి నుంచి చివరిదాకా సున్నాలతో నింపేశా. ఒక పూటంతా పట్టింది. దాని మీద మళ్ళీ వారంగా కెమెరాలు రాస్తున్నాయి. దేవుడు దిగొచ్చినా అందులో ఇంకేం లేదు." "ఏముంది గాషే అందులో?" అని అడిగాడు.

మెర్షా నోరు తెరిచాడు. ఈ ఒక్కమాట పది రోజుల ముందు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చెప్పినా నష్టం లేదు, వినడానికి మంచి మనిషే ఎదురుగా ఉన్నాడు.

"పాత దరఖాస్తులు" అన్నాడు.

కిరుబెల్ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా పెద్దవాడి మాట కాదనక షట్టరు మిగతా సగం ఎత్తాడు.

కోర్టుకు వెళ్ళాల్సిన కాళ్ళు సంత వైపు నడిచాయి. తొస్సా కొండ మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. దారంతా అతను ఒక మనిషిని తిట్టాలని ప్రయత్నించాడు. కిరుబెల్‌లో తిట్టేందుకు తప్పు దొరకలేదు. క్యాలెండర్లలోనూ దొరకలేదు. తిరిగి తిరిగి, నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగే ఒక మనిషి దగ్గరికే వచ్చి ఆగేవాడు. వాడికి తిట్లు కొత్త కావు, తగలవు కూడా.

ముంతహా కొట్టులో శనగల బస్తాల మధ్య నిప్పులు రాజేసి కాఫీ కుండ పెట్టుకుని ఉంది. లావుపాటి మనిషి, తలకు ఆకుపచ్చ ముసుగు.

"రండి గాషే, సరైన వేళకే వచ్చారు. కాఫీ వేళకి వచ్చినవాడు అప్పులవాడైనా కూర్చోవాల్సిందే. ఏం కావాలి?"

"శనగలు."

"శనగలు ఎక్కడికీ పోవు. ముందు కూర్చోండి."

గోడకు ఒక తెర. దాని మీద నాలుగు గళ్ళు: గుమ్మం, బస్తాలు, తూకం, గల్లా. కింద చెక్క మీద నల్లటి పెట్టె, దానికి చిన్న ఎర్ర దీపం, ఆరుతూ వెలుగుతూ. మూడో గడిలో ఒక ముసలివాడు పీట మీద కూర్చుని తలెత్తి చూస్తున్నాడు. నడినెత్తి బట్టతల, దుమ్ము పట్టిన బూట్లు. తనేనని తెలియడానికి కాస్త పట్టింది. ఆ ముసలివాడు ఇప్పుడు, ఈ క్షణాన, తెవాబెచ్ ఉన్న చోట రాయబడుతున్నాడు. లేచి వెళ్ళిపోతే ఖాళీ పీట రాయబడుతుంది. తేడా ఏమీ లేదు.

ముంతహా మొదటి కప్పు పోసింది. చిక్కగా, చేదుగా ఉంది. అతని చూపు గమనించి, "దొంగల కోసం పెట్టించా" అంది. "ఇప్పటిదాకా దొరికింది ఒక్క మేక. రోజూ వచ్చి శనగలు తిని పోతోంది, దాని మొహం నాకిప్పుడు మా ఆడపడుచు మొహంలాగా తెలుసు."

"ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటుందమ్మా ఇది?"

"పన్నెండు రోజులట. తరవాత మొదటికొచ్చి, ఉన్నదాని మీదే మళ్ళీ రాసుకుంటుందట. నాలాగే. మొన్నటి గొడవ మర్చిపోతేగాని కొత్త గొడవకి చోటుండదు."

"మాటలు కూడా వింటుందా?"

"లేదు, మూగది. మాటలు కూడా వినేదైతే మా ఆయన కొట్టులో అడుగు పెట్టడు."

రెండో కప్పు పోసింది. తాగాడు. కాళ్ళు అలవాటుగా లేవబోయాయి.

"అదిగో! మీ సంగతి విన్నాను. కోర్టు దగ్గర దరఖాస్తులు రాసే ఆయన ఎక్కడా మూడో కప్పు ముట్టడట. నా కొట్టులో కుదరదు. దీవెన తన్నేసి పోతే నష్టం మీకు, నింద నాకు."

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఆమె కుండలో నీళ్ళు పోసి మళ్ళీ కాచింది. నీళ్ళు మరిగేదాకా నల్ల పెట్టెలోంచి వస్తున్న చప్పుడు విన్నాడు. టిక్. ఆగి, టిక్. ఆ చప్పుడు తనకు బాగా తెలిసిందే.

మూడో కప్పు చేతికొచ్చింది. చుట్టూ జనమంతా ఇన్నేళ్ళుగా దీని గురించి మాట్లాడటం విని, అసలు రుచి మర్చిపోయి, ఇందులో ఏదో ఉంటుందని నమ్ముతూ వచ్చాడు. పల్చగా ఉంది. వేడినీళ్ళు, కాస్త రంగు. అంతే. బహుశా ఆమె చెప్పిందీ ఇంతేనేమో. జల్లెడ ఇచ్చావా అని అడిగిందేమో. ఆ పలక ముందు ఆమె ఎదురుచూసింది ఆ జవాబు కోసమేనేమో. ఇక మీదట ప్రతి రాత్రీ తిట్టు, క్షమ, జల్లెడ, ఈ మూడింట్లో ఏదో ఒకటి తనకు నచ్చినట్టు ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా కాదనేవాళ్ళు లేరు. అన్నిటికంటే అదే భయంకరంగా తోచింది.

ముంతహా శనగలు కొలవడానికి అటు తిరిగింది. మెర్షా తలెత్తి కెమెరా కంట్లోకి చూశాడు. తెర మీద ముసలివాడు కూడా తలెత్తాడు. వాడి పెదవులు కదిలాయి.

"వినలేదు" అన్నాడు మెర్షా. "అబద్ధం చెప్పాను."

"ఏంటి గాషే? నాతోనా?"

"ఏం లేదమ్మా. కాఫీ బాగుంది."

శనగల పొట్లం తీసుకుని లేచాడు. గుమ్మం గడిలో అతని వీపు ఒకసారి కనిపించి పోయింది. బస్తా దగ్గరికి మేక వచ్చి నిలబడింది.